పండ్లతోటల నేలలోని నల్లులు

మృగశిర కార్తె పోయి ఆరుద్ర కార్తె ప్రవేశించే రోజులలో, తొలకరి జల్లు పడి వెలిసిన మరునాటి ఉదయం చెలకలోకి పోయి చూడండి. ఎర్రని ముఖమల్ గుడ్డతో కుట్టినట్లున్న చిన్న పురుగులు తడి నేలమీద మెల్లగా తిరుగుతూ ఉంటవి. పిల్లలు వాటిని అరచేతిలో పెట్టుకొని ఆడుకొంటారు. ముట్టుకోగానే కాళ్లు ముడుచుకొని కదలకుండా ఉండిపోతవి. వీటిని మనవారు ఆరుద్ర పురుగులు అంటారు. కొద్ది రోజులు కనబడి, తిరిగి ఏడాది దాక కనిపించకుండా పోతవి.

అవి ఎక్కడినుండి వచ్చినవి? ఎక్కడికి పోయినవి? ఆకాశంనుండి వానతోపాటు రాలినవని కొందరు చెబుతారు. నిజానికి అవి నేలలోనుండి వచ్చి నేలలోకే పోతవి. సంవత్సరంలో ఎక్కువ కాలం అవి మట్టిలోనే గడుపుతవి. ఆరుద్ర పురుగు కాళ్లు లెక్కపెట్టి చూస్తే ఎనిమిది ఉంటవి. కనుక అది కీటకం కాదు. సాలెపురుగు, తేలు, గోమారి ఏ తరగతికి చెందినవో అదే అరాక్నిడా తరగతికి చెందిన నల్లి. నేలలో నివసించే నల్లులలో మన కంటికి సులభంగా కనబడేది ఇదొక్కటే అని చెప్పవచ్చును. దీని బంధువులు వేల సంఖ్యలో మన కాళ్లక్రింద ఉన్నవి. అవి ఆవగింజలో సగమైనా ఉండకపోవడంచేత మనకు తెలియవు.

ఈ వ్యాసంలో వాటిని గురించి, ముఖ్యంగా పండ్లతోటల నేలలో వాటి వైవిధ్యాన్ని గురించి తెలుసుకొందాము.

నల్లి అనే మాట

నల్లి అనగానే చాలమందికి మంచంలో కుట్టే నల్లి గుర్తుకు వస్తుంది. దానికి ఆరు కాళ్లు ఉన్నవి, అది కీటకము. వ్యవసాయంలో నల్లి అనే మాటకు అర్థం వేరు. మిరపతోటలో ఆకులు అంచుల వెంబడి క్రిందికి ముడుచుకొంటే రైతులు కింది ముడత అంటారు. దానికి కారణం తెల్లనల్లి. బత్తాయి కాయల తొక్కమీద మంగు తెచ్చేది మంగునల్లి. ఎన్నో పైర్ల ఆకులలో రసం పీల్చేది ఎర్రనల్లి. ఇవన్నీ ఎనిమిది కాళ్లవి కాని, ఆ వర్గానికి చెందినవి కాని. మంగునల్లికి మాత్రం రెండు జతల కాళ్లే మిగిలి ఉంటవి. గజ్జిని కలిగించే జీవి కూడ నల్లియే.

ఇందుచేత నల్లి అంటే శత్రువు అనే అభిప్రాయం ఏర్పడినది. కాని శాస్త్రజ్ఞులు ఇంతవరకు వర్ణించి పేర్లుపెట్టిన నల్లులు, గోమార్లు కలిసి సుమారు 55,000 జాతులు. వాటిలో పైరును పాడుచేసేవి స్వల్పభాగము. నేలలో ఉండే నల్లులలో అధికభాగం బ్రతికిఉన్న మొక్క జోలికే పోవు.

నల్లులు చాల ప్రాచీనమైన జీవులు. స్కాట్లండులో రైనీ అనే గ్రామం దగ్గర దొరికిన శిలలలో నల్లి శిలాజాలు ఉన్నవని 1923లో హర్స్ట్ అనే శాస్త్రజ్ఞుడు వర్ణించినాడు. ఆ శిలల వయస్సు 40 కోట్ల సంవత్సరాలకు మించినది. అనగా నేలమీద మొక్కలు అప్పుడప్పుడే స్థిరపడుతున్న కాలంలోనే వాటి మొదళ్లలో నల్లులు ఉన్నవన్నమాట. పువ్వులు పూచే మొక్కలు, పక్షులు, పాలిచ్చే జంతువులు ఆ తరువాత చాల కాలానికి పుట్టినవి.

నేలలో నాలుగు తెగలు

తొర్రూరు వరంగల్లు నుండి ఖమ్మం పోయే రోడ్డుమీద ఉన్నది. 2016లో జరిగిన జిల్లాల పునర్విభజన వరకు వరంగల్లు జిల్లాలో ఉండి, ఆ తరువాత మహబూబాబాదు జిల్లాలో చేరినది. ఈ ప్రాంతంలో ఎర్ర చెలకలు, అక్కడక్కడ నల్లరేగళ్లు ఉన్నవి. పత్తి, మిరప, వరి పైర్ల మధ్య మామిడి, నిమ్మ, జామ వంటి పండ్లతోటలు కనబడుతవి. దున్ని విత్తే చేనుకు, పండ్లతోటకు నేల విషయంలో ఒక ముఖ్యమైన భేదం ఉన్నది. చేనులో ఏటేటా నేల తిరగబడుతుంది. తోటలో చెట్టు పాతికేళ్లో, యాభయ్యేళ్లో ఒకేచోట నిలిచి ఉంటుంది. దాని నీడ ఉంటుంది. రాలిన ఆకు ఉంటుంది. పాదులో తడి ఉంటుంది. అందువల్ల నేలలోని చిన్న జీవులకు చేనుకంటె తోట మెరుగైన నివాసము. అడవి ఇంకా మెరుగైనది.

నేలలోని నల్లులను స్థూలంగా నాలుగు తెగలుగా విభజింపవచ్చును.

మొదటిది ఒరిబాటిడ్ల తెగ. ఇవి గోధుమరంగులోనో, నల్లగానో మెరుస్తూ, చిన్న పూసలవలె ఉంటవి. పెంకు గట్టిగా ఉంటుంది. కొన్ని జాతులలో ఆ పెంకులో కాల్షియం లవణాలు కూడ చేరి ఉంటవి. కొన్నిటిని ముట్టుకొంటే కాళ్లన్నీ లోపలికి లాక్కొని, మూతపెట్టిన డబ్బివలె మూసుకొంటవి. మెల్లగా నడుస్తవి. కుళ్లుతున్న ఆకును, దానిమీద పెరిగే శిలీంధ్రాలను తింటవి. ఈ తెగలో 11,000కు పైగా జాతులు వర్ణించబడినవి. వీటిలో సుమారు పదవ వంతు జాతులలో మగవి లేకుండానే ఆడవి సంతానం కంటవి.

రెండవది మీసోస్టిగ్మాటా తెగ. ఇవి వేటగాళ్లు. లేత గోధుమరంగులో ఉండి వేగంగా పరుగెత్తుతవి. నులిపురుగులను, కొలెంబోలాలనే ఆరుకాళ్ల చిన్న జీవులను, ఇతర నల్లులను, కీటకాల గుడ్లను పట్టి తింటవి. పేడపురుగును తిరగవేసి చూస్తే దాని పొట్టక్రింద అంటిపట్టుకొన్న చిన్న నల్లులు కనబడడం కద్దు. వాటిలో కొన్ని ఈ తెగవే. వాటికి రెక్కలు లేవు కనుక ఒక పేడకుప్పనుండి మరొక పేడకుప్పకు పేడపురుగుమీద ఎక్కి ప్రయాణం చేస్తవి. దిగిన చోట ఈగ గుడ్లను తింటవి. పశువుల ఎరువు వేసే తోటలో ఇవి తప్పక ఉంటవి.

మూడవది ప్రోస్టిగ్మాటా తెగ. ఇందులో అన్ని రకాలూ ఉన్నవి. మన ఆరుద్ర పురుగు ఈ తెగదే. ఎర్రనల్లి కూడ ఈ తెగదే. కొన్ని వేటాడుతవి, కొన్ని శిలీంధ్రాల రసం పీలుస్తవి, కొన్ని మొక్కల రసం పీలుస్తవి.

నాల్గవది ఆస్టిగ్మాటా తెగ. మెత్తని తెల్లని శరీరం కలవి. పిండిలోను, నిలువ ధాన్యంలోను కనిపించే నల్లి ఈ తెగది. తోటలో కుళ్లిన పండు, పచ్చిపేడ ఉన్నచోట ఇవి త్వరత్వరగా పెరుగుతవి.

ఈ నాలుగింటిలో ఎవరెవరు ఎంతమంది ఉన్నారో తెలుసుకొంటే ఆ నేల ఏ స్థితిలో ఉన్నదో కొంతవరకు చెప్పవచ్చును. ఎట్లనో ముందు చూద్దాము.

ఆకు మట్టిగా మారడంలో వీటి పాత్ర

మామిడి ఆకు దళసరిది. అది రాలిన వెంటనే కుళ్లదు. మొదట తడికి మెత్తబడి, దానిమీద శిలీంధ్రాలు, బాక్టీరియాలు చేరుతవి. తరువాత ఒరిబాటిడ్లు, ఇతర జీవులు దానిని కొరికి తిని, చిన్న చిన్న ఉండలుగా విసర్జిస్తవి.

ఇందువల్ల ఏమి లాభం? ఒక సెంటీమీటరు భుజముగల ఘనాన్ని తీసుకొందాము. దాని ఉపరితలం 6 చదరపు సెంటీమీటర్లు. దానినే ఒక మిల్లీమీటరు భుజముగల ముక్కలుగా కోస్తే 1,000 ముక్కలు అవుతవి. వాటి మొత్తం ఉపరితలం 60 చదరపు సెంటీమీటర్లు. పదార్థం పెరగలేదు, కాని బాక్టీరియా పనిచేయడానికి చోటు పదిరెట్లు అయినది. నల్లి కొరికి విడిచిన ఆకుకు జరిగేది ఇదే.

రెండవ లాభం నత్రజని విషయంలో ఉన్నది. ఆకులోని నత్రజనిని శిలీంధ్రం తన శరీరంలో బంధించి ఉంచుకొంటుంది. అది చెట్టు వేరుకు అందదు. నల్లి ఆ శిలీంధ్రాన్ని తిని, తనకు కావలసినంత ఉంచుకొని మిగిలినది విసర్జిస్తుంది. అట్లా విడుదలైన నత్రజని తిరిగి వేరుకు చేరే మార్గంలో పడుతుంది. పైగా నల్లుల శరీరాలకు అంటుకొని శిలీంధ్రబీజాలు ఒకచోటినుండి మరొకచోటికి పోతవి.

ఇక్కడ అతిశయోక్తి పనికిరాదు. ఆకును కుళ్లజేసే అసలు పని శిలీంధ్రాలది, బాక్టీరియాలది. నల్లులు స్వయంగా ఖర్చుచేసే శక్తి అందులో స్వల్పభాగమే. అవి చేసేది ఆ పనిని త్వరపరచడము, క్రమపరచడము. వానపాములవలె అవి నేలను త్రవ్వలేవు. మట్టి రేణువుల మధ్యనున్న సందులలోనే తిరుగుతవి. కనుక ట్రాక్టరు చక్రాలక్రింద నేల అదిమిపోతే వాటికి తిరుగుటకు చోటే ఉండదు.

వైవిధ్యం అంటే ఏమిటి?

నల్లులు ఎన్ని ఉన్నవన్నది ఒక ప్రశ్న. ఎన్ని రకాలవి ఏ నిష్పత్తిలో ఉన్నవన్నది వేరొక ప్రశ్న. ఈ రెండవదే వైవిధ్యము. ఒక ఊహాచిత్రం తీసుకొందాము. రెండు తోటలలో ఒక్కొక్కదానినుండి 100 నల్లులను పట్టినాము. మొదటి తోటలో నాలుగు జాతులవి 25 చొప్పున ఉన్నవి. రెండవ తోటలోను నాలుగు జాతులే ఉన్నవి. కాని ఒక జాతివి 97, తక్కిన మూడు ఒక్కొక్కటే. రెండింటిలోను సంఖ్య ఒకటే, జాతులు నాలుగే. అయినా రెండూ సమానమని ఎవరూ అనరు.

ఈ భేదాన్ని అంకెలలో చెప్పడానికి 1949లో సింప్సన్ అనే శాస్త్రజ్ఞుడు ఒక మార్గం చూపినాడు. గుంపులోనుండి కళ్లుమూసుకొని రెండు జీవులను తీస్తే అవి వేరువేరు జాతులవి అయ్యే అవకాశం ఎంత? ప్రతి జాతి వంతును వర్గంచేసి, అన్నీ కూడి, ఒకటిలోనుండి తీసివేయాలి. మొదటి తోటలో ఇది 0.75. రెండవ తోటలో సుమారు 0.06 మాత్రమే. ఈ లెక్క ఉన్నత పాఠశాల విద్యార్థులు తరగతిలో గింజలతో చేసి చూడవచ్చును.

వైవిధ్యం తగ్గడానికి కారణమేమిటి? ఒరిబాటిడ్లు మెల్లగా పెరిగే జీవులు. కొద్ది గుడ్లు పెడతవి. ఒక తరం పూర్తికావడానికి చాల కాలం పడుతుంది. చలిదేశాలలో ఒక సంవత్సరం, కొన్నిటికి అంతకు మించి కూడ పడుతుంది. నేలను లోతుగా దున్నినా, ఆకును కాల్చినా, మందు పడినా అవి తగ్గిపోయి, తిరిగి పెరగడానికి ఆలస్యమవుతుంది. ప్రోస్టిగ్మాటా, ఆస్టిగ్మాటా తెగలలోని కొన్ని జాతులు అట్లా కాదు. త్వరగా పెరిగి ఖాళీచోటును ఆక్రమిస్తవి. కనుక మట్టిలో పూసలవంటి ఒరిబాటిడ్లు రకరకాలుగా కనిపిస్తే ఆ నేలకు కొంతకాలంగా అలజడి తగలలేదని గ్రహింపవచ్చును.

మందుల సంగతి కూడ చెప్పుకోవాలి. డి.డి.టి. కీటకాలను చంపుతుందని 1939లో కనిపెట్టిన పాల్ ముల్లర్‌కు 1948లో నోబెల్ బహుమతి లభించినది. ఆ మందును పండ్లతోటలలో విరివిగా చల్లిన దేశాలలో ఒక విచిత్రం జరిగినది. కాయతొలుచు పురుగులు చచ్చినవి. కాని ఆకులమీద ఎర్రనల్లి విపరీతంగా పెరిగినది. ఎర్రనల్లిని తినే వేటనల్లులు, ఇతర కీటకాలు ఆ మందుకు చావడమే ఇందుకు ముఖ్యకారణము. నేలలోను ఇటువంటిదే జరిగినది. 1950లలో బ్రిటన్‌లో జరిపిన ప్రయోగాలలో డి.డి.టి. పడిన నేలలో వేటనల్లులు తగ్గి, వాటికి ఆహారమైన కొలెంబోలాలు పెరిగినట్లు తేలినది. మన దేశంలో వ్యవసాయానికి డి.డి.టి. వాడకాన్ని 1989లో నిషేధించినారు. ఆ మందు పోయినా దాని పాఠం పోలేదు. శత్రువునూ మిత్రుడినీ కలిపి చంపే మందు చల్లితే, ముందుగా తేరుకొనేది తరచు శత్రువే.

తోటలో ఒక ప్రశ్న

ఒక పర్యాయం మా విద్యార్థులతో తొర్రూరు దగ్గరి మామిడితోటకు మట్టి నమూనాల కొరకు పోయినాము. తోట యజమాని రాలిన ఆకును కుప్పచేసి నిప్పు పెట్టబోతున్నాడు. ఒక విద్యార్థి ఆగమని బతిమాలుతూ, “తాతా, ఈ ఆకులోనే మాకు కావలసిన నల్లులు ఉంటయి” అన్నాడు.

పెద్దాయన నవ్వినాడు. “నల్లి ఉంటే కాల్చాలె గాని దాచుకుంటరా బిడ్డా? మిర్చి మీద నల్లికి మందు కొట్టి కొట్టి అప్పులపాలైన.”

అది వేరే నల్లి అని వివరించినాము. ఆయన విని, కొంచెం ఆలోచించి నన్ను అడిగినాడు: “సరే సారూ, ఆకు ఉంచుత. చెదలు పడితే? కాయలల్ల పురుగు పడితే? మీరొచ్చి చూస్తరా?”

ఈ ప్రశ్న న్యాయమైనది. నల్లుల కొరకు ఎవరూ తోట పెట్టరు. మామిడిని ఆశించే పండు ఈగ కాయలో పెరిగి, నేలలోకి దిగి కోశస్థదశ గడుపుతుంది. మామిడి పిండినల్లి అని పిలిచే కీటకము, నిజానికి ఇది నల్లి కాదు, చెట్టు మొదట మట్టిలో గుడ్లు పెడుతుంది. అందుకే వ్యవసాయ శాస్త్రజ్ఞులు చెట్టు పాదును గీరమని, రాలిన కాయలను ఏరివేయమని చెబుతారు. ఎండుటాకుకు చెదలు చేరడమూ నిజమే. నేలలోని నల్లులు కొన్ని పురుగుల గుడ్లను తింటవి గాని, తోటలోని తెగుళ్లన్నిటినీ అవే చూసుకొంటవని చెప్పడం అసత్యమవుతుంది.

కనుక ఆయనతో ఇట్లా చెప్పినాను. పురుగుపడి రాలిన కాయలను ఆకులో వదలరాదు; ఏరి లోతుగా పూడ్చాలి. ఆకును చెట్టు మొదలుకు ఆనించకుండా మూరెడు దూరం విడిచి, నీడ పడినంత మేర పలుచగా పరచాలి. పాదును పైపైన గీరడం చాలు. సాళ్ల మధ్య లోతుగా దున్నడం మానవచ్చును. ఎండకాలంలో నిప్పు భయం ఉన్నది గనుక తోట అంచు వెంబడి ఆకు లేకుండా చూడాలి. మిగిలిన ఆకును కాల్చక కుప్పవేసి ఎరువు చేసుకోవచ్చును. ఆయన తోటలో సగం చెట్లక్రింద మాత్రం ఆకు ఉంచడానికి ఒప్పుకొన్నాడు. సగం ఉంచి సగం తీయడం మాకు లాభమే అయినది. పోల్చి చూడడానికి అంతకంటె మంచి ఏర్పాటు ఏముంటుంది?

గొర్రెలు మేపేవారు తెలుసుకోవలసిన సంగతి మరొకటి ఉన్నది. గొర్రెపిల్లల పేగులలో పెరిగే మోనీజియా అనే బద్దెపురుగు ఒరిబాటిడ్ నల్లుల ద్వారా వ్యాపిస్తుందని 1937లో స్టంకార్డ్ అనే శాస్త్రజ్ఞుడు కనిపెట్టినాడు. పెంటికలలోని గుడ్లను నల్లి తింటుంది. గడ్డితోపాటు నల్లిని గొర్రెపిల్ల మింగుతుంది. మంచి చేసే నల్లికే ఈ దోషం కూడ ఉన్నది. తోటలో గొర్రెలను మందకట్టేవారు గొర్రెపిల్లలకు బద్దెపురుగుల మందు సకాలంలో పశువైద్యుని సలహాతో త్రాగించాలి.

బడిలో చేయదగిన ప్రయోగము

నేల నల్లులను మట్టిలో వెదికి ఏరడం సాధ్యంకాని పని. వాటంతట అవే బయటికి వచ్చే ఉపాయాన్ని ఇటలీ దేశస్థుడు బెర్లేసే 1905లో కనిపెట్టినాడు. ఆయన వేడినీటితో గరాటును వేడిచేసినాడు. స్వీడన్ దేశస్థుడు తుల్గ్రెన్ 1918లో దానికి బదులు విద్యుద్దీపం వాడినాడు. సూత్రం సులభమైనది. పైనుండి వెలుగు, వేడి తగిలి మట్టి ఆరుతూ ఉంటే, తడిని కోరే జీవులు క్రిందికి దిగుతూ దిగుతూ చివరకు గరాటులో జారిపడతవి.

కావలసినవి: ఒక వెడల్పు గరాటు, అందులో ఇమిడే జల్లెడ ముక్క, ఒక సీసా, 25 లేక 40 వాట్ల పాతరకపు తీగబల్బు. ఎల్.ఇ.డి. దీపం పనికిరాదు, దానికి తగినంత వేడి ఉండదు. రెండువైపులా తెరిచిన చిన్న డబ్బాతో చెట్టు నీడలోనుండి 5 సెంటీమీటర్ల లోతు మట్టిని, పైనున్న ఆకుతో సహా, చెదరకుండా తీయాలి. అదే డబ్బాతో, అదే లోతున, సాళ్ల మధ్యనుండి మరొకటి తీయాలి. ఒక్కొక్క చోటినుండి కనీసం మూడేసి తీయడం మంచిది. ఒక్క నమూనాతో నిర్ణయానికి రాకూడదు. తేదీ, చోటు, చెట్టు పేరు వ్రాసి అంటించాలి.

మట్టిని తలక్రిందులుగా జల్లెడపై ఉంచి, బల్బును జానెడు ఎత్తున వ్రేలాడదీయాలి. క్రింద సీసాలో స్పిరిట్ పోసి ఉంచాలి. స్పిరిట్ సులభంగా అంటుకొంటుంది కనుక ఉపాధ్యాయుడే దానిని చూసుకోవాలి. బల్బు దానికి దగ్గరగా ఉండరాదు. జీవులను చంపడం ఇష్టంలేనివారు స్పిరిట్‌కు బదులు తడి అద్దుడు కాగితం పెట్టి, చూసిన తరువాత వాటిని తోటలోనే విడువవచ్చును. నాలుగైదు రోజులలో జీవులు దిగుతవి.

పదిరెట్లు పెద్దదిగా చూపే భూతద్దంతో చూడండి. తలమీద స్పర్శశృంగాలు, ఆరుకాళ్లు ఉండి ఎగిరేవి కొలెంబోలాలు. స్పర్శశృంగాలు లేక, శరీరమంతా ఒకే ముద్దగా ఉండేవి నల్లులు. ఆరుకాళ్ల నల్లి కనబడితే ఆశ్చర్యపడవద్దు, అది పిల్లదశ. ఎదిగిన తరువాత ఎనిమిది వస్తవి. జాతుల పేర్లు తేల్చడం నిపుణుల పని. విద్యార్థులు నాలుగు తెగలను గుర్తించి లెక్కవేస్తే చాలును. ఎండకాలంలో ఒకసారి, వానలు కుదిరిన తరువాత ఒకసారి చేస్తే తేమ ప్రభావం కూడ తెలుస్తుంది.

చివరకు ఆరుద్ర పురుగు దగ్గరకే వద్దాము. దాని పిల్లలు మిడతలవంటి కీటకాలను అంటిపట్టుకొని రసం పీలుస్తవి; పెద్దవైన తరువాత వేటాడి బ్రతుకుతవి. దీనికి దగ్గరి బంధువైన ఒక నల్లిని కాలిఫోర్నియా ఎడారిలో పరిశీలించి 1962లో ప్రకటించిన ఫలితాలనుబట్టి, అది వాన తరువాత రెక్కల చెదలు ఎగిరే వేళకే పైకి వచ్చి వాటిని తింటుంది. మనం ఉసిళ్లు అనేవి ఆ రెక్కల చెదలే. తోట పెద్దాయనకు ఈ సంగతి చెబితే, “గట్లనా? మరి వానొచ్చినప్పుడు చూస్త” అన్నాడు. మీరు కూడ ఈసారి ఆరుద్ర కార్తెలో ఆ పురుగును సీసాలో వేసి మూయకుండా, అది ఎటు పోతుందో, ఏమి తింటుందో వెంట ఉండి చూడండి. చూసినది నోటుపుస్తకంలో తేదీతో సహా వ్రాసి పెట్టండి.